చూసిన చెయ్యే తొయ్యాలి

ఆ షెడ్డు గోడల మీద ఒక్క బోర్డు కూడా ఉండదు. పొగ తాగరాదని లేదు, చేతులు జాగ్రత్త అని లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క మాట, అదీ ఎవరూ రాసిపెట్టింది కాదు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ వాళ్ళ నాన్న ఉగ్గుపాలతో పట్టించిన మాట. "చూసిన చెయ్యే తొయ్యాలి."

పాత చెక్కను, చిత్రిక పట్టే ప్లేనర్ మిషనులో పెట్టేముందు చూడాలి. చూడటమంటే కిటికీలోంచి వాన చూసినట్టు కాదు. ఇనుప బ్రష్షుతో మట్టీ మశానం రుద్ది పారెయ్యాలి. అయస్కాంతాన్ని పలక మీద ఈ చివర నుంచి ఆ చివరకు చీమ నడిచినట్టు నడిపించాలి. మేకు తగిలితే పట్కారుతో పీకాలి, తల విరిగి లోపల దాక్కుంటే ఉలితో తవ్వాలి. పగిలిన చివరలు కోసెయ్యాలి. కణుపుల్ని సుత్తితో తట్టి, వదులుగా ఉంటే ఆ పలక వద్దనుకోవాలి. మెలితిరిగినదాన్ని పక్కన పెట్టాలి. ఇంత ముక్కే కదా అని జానెడు ముక్కల్ని మిషను నోట్లో పెట్టకూడదు. ఇదంతా చేశాక సుద్దముక్కతో ఎవరి గుర్తు వాళ్ళు గియ్యాలి. గుర్తు గీసినవాళ్ళే ఆ పలకను మిషనులోకి తొయ్యాలి. రెండోవాళ్ళు అవతలివైపు నిలబడి, నునుపుగా బయటికొచ్చేదాన్ని అందుకోవాలి.

ఎందుకంటే, మిషనుకు కోపమొస్తే పలకను ముందుకు ఉమ్మదు, వెనక్కి తంతుంది. తన్నితే తగిలేది తోసేవాళ్ళకే. అందుకే నాన్న అనేవాడు, "పలక ఎవరి పొట్టకెదురుగా ఉంటుందో వాళ్ళ కళ్ళే బాగా పనిచేస్తాయమ్మా" అని. ఆయనకు బడి చదువు అబ్బలేదు గానీ మనుషుల్ని చదవటం వచ్చు. మరొకరి పొట్టకైతే మన కళ్ళు కునుకు తీస్తాయని ఆయనకెవరు చెప్పారో మరి.

ఆయన పోయాక ఆ షెడ్డు, ఆ మిషను, ఆ మాట కూతుళ్ళిద్దరికీ మిగిలాయి. వీధిలో వాళ్ళు మొదట్లో నవ్వారు. ఆడవాళ్ళేంటి, చిత్రిక పట్టడమేంటి అన్నారు. ఆ నవ్విన మూతులవాళ్ళే తర్వాత తలుపు బిగుసుకుపోయిందని ఒకరు, మంచం కోడు ఊగుతోందని ఒకరు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. అప్పట్నుంచి పెద్దామె పెద్దమేస్త్రి, చిన్నామె చిన్నమేస్త్రి. సొంత పేర్లు వాళ్ళకే గుర్తున్నాయో లేదో.

పెద్దమేస్త్రికి చెల్లెలంటే చెల్లెలు కాదు, మొదటి బిడ్డ. అమ్మ పోయేనాటికి చిన్నది ఇంకా నిక్కరు వేసుకుని తిరిగేది. జడ వెయ్యడం దగ్గర్నుంచి ఉలి పట్టడం దాకా అక్కే నేర్పింది. పెళ్ళి చేసుకున్నప్పుడు కూడా, కాబోయే మొగుడైన బస్సు డ్రైవరుకు ముందే చెప్పింది, "నాతో పాటు మా చెల్లెలూ ఉంటుంది, షెడ్డు మీది గది వదిలి నేను రాను, ఇష్టమైతే చూసుకోండి" అని. పాపం ఆయన మంచివాడు. ఇద్దరు మేస్త్రుల మధ్య నా మాటెక్కడ సాగుతుందిలే అని నవ్వుకుని, తన సూట్‌కేసు తనే మోసుకుంటూ మెట్లెక్కాడు.

గుర్తుల సంగతి చెప్పాలి. పెద్దమేస్త్రి గుర్తు ఒక అడ్డగీత, దాని కింద చుక్క. చిన్నమేస్త్రిది చేప. చిన్నప్పుడు సరదాకు గీసింది అలాగే ఉండిపోయింది. రెండు వంపులు, ఒక తోక, ఒక కన్ను. చేప కనిపిస్తే చాలు, పెద్దమేస్త్రి ఇక ఆ పలకవైపు రెండోసారి చూసేది కాదు. చెల్లెలు చూసిందంటే తను చూసినట్టే. ఇన్నేళ్ళలో ఆ చేప ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు మరి.

ఆ ఏడు వానలప్పుడు పాత నాటకాల హాలు ఒకటి కూలగొట్టారు. దాని వేదిక పలకలు భలే ఉన్నాయి. మూరెడు వెడల్పు, నిండు పాతచెక్క, గోరు దిగదు. గ్రంథాలయం నడిపే మేడమ్ వాటిని చూసి ముచ్చటపడి, ఈ పలకలతోనే పిల్లలు చదువుకోవడానికి పొడుగుబల్లలు చెయ్యమని షెడ్డుకు పంపించింది. వేదిక పలకలంటే మాటలా? ఎన్ని నాటకాలాడారో అన్ని తెరలు, అన్ని తివాచీలు, వాటికి కొట్టిన బుడ్డి మేకులు. పైన నల్లరంగు మీద నల్లరంగు. మేకు తలలు ఆ రంగు కింద నిద్రపోతుంటాయి.

పెద్దమేస్త్రి ఆ రోజు ఒక బీరువా దించి రావడానికి వ్యానులో వెళ్ళాలి. వెళ్తూ వెళ్తూ అంది, "ఒసేయ్, ఇవి మామూలు పలకలు కావు. ఒళ్ళంతా మేకులే. తొందరేం లేదు, సగమే అయినా సరే, సరిగ్గా చూడు."

"నువ్వెళ్ళక్కా, నాకు కొత్తా?" అంది చిన్నది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి పలకలన్నీ గోడవారగా పేర్చి ఉన్నాయి. అన్నింటి మీదా చేపలు. పెద్దమేస్త్రి మురిసిపోయింది. సగం అయితే గొప్పనుకుంటే మొత్తం చేసేసిందే! ఆ రాత్రి అన్నం తింటూ మొగుడితో, "మా నాన్న చెయ్యే వచ్చిందండీ దీనికి" అని చెప్పింది. చిన్నది తల వంచుకుని కంచంలోకి చూసింది. సిగ్గుపడుతోందనుకున్నారు.

మర్నాడు మిషను స్విచ్చి వేసే ముందు చిన్నమేస్త్రి భుజం పట్టుకుని మూలిగింది.

"అక్కా, నిన్న రుద్దీ రుద్దీ భుజం పట్టేసింది. ఇవాళ నువ్వు తోస్తావా? నేను అవతల అందుకుంటాలే."

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. నాన్నకు జ్వరమొచ్చినా ఆయన చూసిన పలకలు ఆయన లేచేదాకా అలాగే పడి ఉండేవి. పెద్దమేస్త్రికి ఆ సంగతి తట్టకపోలేదు. కానీ ఎదురుగా ఉన్నది చెల్లెలు, పలక మీద ఉన్నది చేప. "అయ్యో, నిన్ననే చెప్పొద్దూ" అని పైకి వెళ్ళి మందు తెచ్చింది, చెల్లెలి జాకెట్టు భుజం దించి, వేడి పుట్టేదాకా రుద్దింది. "ఇక్కడేనా? ఇంకొంచెం కిందా?" అని అడిగి మరీ రుద్దింది. తర్వాత చేతులు కడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మిషను ముందు నిలబడింది.

మొదటి పలకలు వెన్నలా పోయాయి. నల్లరంగు కింద నుంచి బంగారు రంగు చెక్క బయటపడుతుంటే పెద్దమేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. మిషను పక్కనున్న చక్రాన్ని కొంచెం తిప్పి బ్లేడును ఇంకాస్త దించింది. మధ్యాహ్నం దాటాక ఒక పలక లోపలికి సగం వెళ్ళింది. ఒక్కసారిగా టంగున మోగింది. బ్లేడు ఇనుమును కొరికిన చప్పుడు, విన్నవాళ్ళెవరూ మర్చిపోరు. మరుక్షణం పలక వెనక్కి తన్నింది. నాన్న నేర్పినట్టు పక్కకు జరిగి నిలబడింది కాబట్టి పొట్ట దక్కింది. కానీ పలక చివర పట్టుకున్న ఎడమచెయ్యి తప్పుకోలేకపోయింది. వెనకనున్న ఇనుప తోపుడుబండికీ పలకకూ మధ్య నలిగింది.

ఆమె కేక వెయ్యలేదు. చెయ్యివైపు చూసి, "స్విచ్చి ఆపు" అని మాత్రం అంది. చిన్నది స్విచ్చి ఆపి, పరుగున వచ్చి, అక్క మొహం చూసి, గభాలున అక్కను భుజానికెత్తుకుంది. నిజంగానే ఎత్తుకుంది. పెద్దమేస్త్రి ఏమీ పూచికపుల్ల కాదు. అయినా బియ్యం బస్తాను మోసినట్టు మోసుకుంటూ వీధి చివరిదాకా పరిగెత్తి, ఆటోలో కూర్చోబెట్టింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. "చెల్లెలంటే అట్లా ఉండాలి" అన్నారు. ఇప్పటికీ అంటున్నారు.

ఆసుపత్రిలో చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ లోపల తీగలు పెట్టి కుట్టారు. వేళ్ళు దక్కాయి గానీ అవి ఇక వంగవని చెప్పారు. గుప్పిట మూసుకోదు. ఉలి పట్టుకుంటే జారుతుంది. చెక్కపనివాళ్ళకు ఎడమచెయ్యి ఎంత ముఖ్యమో ఆ డాక్టరుకేం తెలుసు? "కుడిచెయ్యి బాగానే ఉందిగా" అని ఓదార్చాడు.

అసలు కథ ఇక్కడుంది. ఇంటికొచ్చాక డ్రైవరు ఊరుకోలేదు. "ఎట్లా జరిగిందే? నీకెప్పుడూ కాలేదే ఇట్లా?" అని అడిగాడు.

"నాదే తప్పండీ" అంది పెద్దమేస్త్రి. "సరదా పుట్టి చక్రం ఎక్కువ తిప్పాను. పాతచెక్క కదా, బ్లేడు అంత లోతు దించకూడదు. ఎక్కడో అడుగున మునిగిపోయిన మేకు ఉండుంటుంది. పైపైన తీసుంటే తగిలేది కాదు. అయస్కాంతానికి కూడా అందనిది, మా చెల్లెలేం చేస్తుంది పాపం?"

పాపం అదే పక్కన కూర్చుని బత్తాయి వలుస్తోంది. తేలు కుట్టిన దొంగలాగా అంటారే, అలా కూర్చుంది. పైగా డ్రైవరు, "మీ అక్కకు తొందరెక్కువ, నువ్వైనా చెప్పకూడదా మరదలా?" అంటే, చిన్నగా నవ్వి, "నా మాటెక్కడ వింటుంది బావా?" అంది. తొన అక్క నోటికి అందించింది. పెద్దమేస్త్రి ఆ తొన తిని, "అవునే, నీ మాట వినాల్సింది" అని కూడా అంది. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది గానీ, అంది.

అక్క మంచం మీదున్నన్నాళ్ళూ చిన్నది ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. తల దువ్వింది, ఒళ్ళు తుడిచింది, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. చెయ్యి నలిపిన ఆ పలకను ముక్కలుగా కోసి, నీళ్ళ పొయ్యిలో పెట్టి కాల్చేసింది. "ఆ దరిద్రం నీ కళ్ళబడకూడదక్కా" అంది. అది విని పెద్దమేస్త్రికి కళ్ళు చెమర్చాయి. మిగిలిన పలకల్ని కూడా కట్టెలవాడికి ఇచ్చేద్దామని ఒకటే పోరు.

"అవి మనకు అచ్చిరాలేదక్కా. మేడమ్‌కు వేరే చెక్క చూద్దాం. కట్టెలవాడు వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"నీకు పిచ్చా? అంత చెక్క పొయ్యిలోకా? నేను చక్రం సరిగ్గా తిప్పకపోతే పలకలేం చేశాయే?" అని పెద్దమేస్త్రి కసిరింది. అయినా చెల్లెలి భయం చూసి మనసు కరిగింది. చూడు, నా చెయ్యి పోతే అది ఎంత అదిరిపోయిందో అనుకుంది.

కట్టు విప్పాక ఒక ఉదయం, చిన్నది పాలకు వెళ్ళినప్పుడు, పెద్దమేస్త్రి మెల్లగా మెట్లు దిగి షెడ్డు తలుపు తీసింది. పొట్టు వాసన ముక్కుకు తగలగానే పుట్టింటికొచ్చినట్టనిపించింది. ఒక్కసారి పలకల్ని పలకరిద్దామనుకుంది, అంతే. గోడవారగా ఉన్న చేపల దొంతర దగ్గరికెళ్ళి, పైపలక మీద కుడిచెయ్యి వేసి, మెల్లగా నిమిరింది. ఎప్పుడూ చేసే పనే. పాతచెక్కను చూస్తే ఆమె చెయ్యి ఊరుకోదు.

అరచేతికి ఏదో గీరుకుంది.

వంగి చూసింది. మేకు తల. రంగు కింద ఎక్కడో మునిగింది కాదు, పైకి తేలి తుప్పు పట్టి, మొటిమలా కనిపిస్తోంది. దాని పక్కన ఇంకొకటి. బెత్తెడు దూరంలో ఇంకొకటి. వాటిమీదుగానే చేప తోక గీసి ఉంది. సుద్దగీత ఆ మేకు తలెక్కి దిగింది.

ఆమె గోడకున్న అయస్కాంతం తీసింది. పలక మీద పెట్టగానే టక్కున అతుక్కుంది. లాగి ఇంకొక చోట పెట్టింది, మళ్ళీ టక్కు. రెండో పలక, మూడో పలక. బ్రష్షు ఆ పలకల మొహం కూడా చూడలేదు. నల్లరంగు మీద నాటకాల నాటి దుమ్ము పేరుకుని అలాగే ఉంది, ఆ దుమ్ము మీదే చేపలు. ఎంత చక్కగా గీసిందనీ! కళ్ళు కూడా పెట్టింది.

పెద్దమేస్త్రి తోపుడుబండి మీద కూర్చుండిపోయింది. ముందు ఆమె మనసు చెల్లెలి తరఫునే వాదించింది. ఒక్కతే ఉంది పాపం. అలిసిపోయి ఉంటుంది. చీకటిపడి కనిపించలేదేమో. పనిలో పొరపాట్లు రావా? నేను చెయ్యలేదా? చేప గీసి తర్వాత చూద్దామనుకుని మర్చిపోయిందేమో. మర్చిపోయింది. అంతే, మర్చిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది భుజం.

చూడటం మర్చిపోయిన మనిషి మర్నాడు మామూలుగా వచ్చి మిషను ముందు నిలబడుతుంది. నా స్థానంలోకి నువ్వు రా అని అడగదు. పలకను తొయ్యలేనంత పట్టేసిన భుజం, ఆ మధ్యాహ్నమే, నిండుమనిషిని వీధి చివరిదాకా ఎలా మోసింది? తన చేతులతో మందు రాసింది. ఇక్కడేనా, ఇంకొంచెం కిందా అని అడిగింది. ఆ ప్రశ్నకు చెల్లెలు, "ఆ, అక్కడే" అని జవాబు కూడా చెప్పింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అని అమ్మ అంటుండేది. అప్పుడు ఆ మాట శనగలకే అనుకునేది పెద్దమేస్త్రి. ఆ తోపుడుబండి మీద, తన చెయ్యి నలిగిన ఆ ఇనుప అంచు మీదే కూర్చుని, ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. చెయ్యి నలిగిన రోజున ఇంత ఏడవలేదు.

చిన్నది పాల క్యాను పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అక్కను చూసింది, అక్క పక్కన పలకను చూసింది, పలకకు అతుక్కున్న అయస్కాంతాన్ని చూసింది. క్యాను మెల్లగా కింద పెట్టింది.

"ఇవి చూశావా?" అని అడిగింది పెద్దమేస్త్రి.

"అక్కా..."

"చూశావా అని అడిగాను."

"పైవన్నీ చూశానక్కా. ఒట్టు. నీ మీదొట్టు."

"నా మీద ఒట్లు పెట్టకు. నా మీద పెట్టింది చాలు. కిందవి?"

చిన్నది గోడకానుకుని జారి కూర్చుంది. చెప్పింది. సగందాకా సరిగ్గానే చూసిందట. మేకులు పీకీ పీకీ చేతులు బొబ్బలెక్కాయట. బయట వాన. కాసేపు పొట్టు మీద వాలితే నిద్ర పట్టేసిందట. మెలకువొచ్చేసరికి వ్యాను తిరిగొచ్చే వేళయిందట. "సగమే అయినా పరవాలేదన్నావు గానీ, ఒళ్ళు తెలీకుండా పడుకున్నానని తెలిస్తే తిడతావని... గబగబా చేపలు గీసేశానక్కా. వాటిలో ఏముంటాయిలే అనుకున్నాను."

"ఏమీ ఉండవనుకున్నావా?"

"ఆ. అట్లాగే అనుకున్నాను."

"ఏమీ ఉండవనుకున్నదానివి, మరి నువ్వే ఎందుకు తొయ్యలేదే?"

చిన్నదాని చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్ళింది.

"ఏ భుజమే అది? నన్ను మోసుకెళ్ళిన భుజమేనా?"

అప్పుడు ఏడ్చింది చిన్నది. మోకాళ్ళలో తల పెట్టుకుని, చిన్నప్పుడు అమ్మకోసం ఏడ్చినట్టే ఏడ్చింది. "భయమేసిందక్కా. పొద్దున లేచి ఆ మిషనును చూస్తే దగ్గరికి పోబుద్ధి కాలేదు. ఏ పలకలో ఏముందో నాకు తెలీదు. నా వల్ల కాలేదు."

"నీకు భయమేసిన చోట నన్ను నిలబెట్టావు."

"నీకేం కాదనుకున్నాను. నీకు పని వచ్చు కదా, పక్కకు నిలబడతావు కదా, నీకెప్పుడూ ఏమీ..."

"నిద్రపోయావని చెబితే ఏం చేసేదాన్నే? రెండు తిట్లు తిట్టేదాన్ని. ఆ తర్వాత నేనే బ్రష్షు పట్టుకుని కూర్చునేదాన్ని. నా చేత రెండు తిట్లు తినలేక నా చెయ్యి ఇచ్చేశావు. సరే, అదీ పోనీ. నేను మంచం మీద పడుకుని, నాదే తప్పు, నాదే తప్పు అంటుంటే, పక్కన కూర్చుని బత్తాయి ఎట్లా వలిచావే?"



పెద్దమేస్త్రి ఎవరికీ చెప్పలేదు. మొగుడికి చెబితే ఆయన ఆ పిల్ల మొహం ఇక చూడడు. వీధికి తెలిస్తే ఆ చేపకు ఈ జన్మలో పని దొరకదు. అందుకని మింగలేక కక్కలేక లోపలే ఉంచుకుంది. డ్రైవరు భోజనాల దగ్గర, "నిన్ను భుజాన వేసుకుని పరిగెత్తిందటగా, బస్సులో కూడా చెప్పుకుంటున్నారు" అంటూ మరదల్ని మెచ్చుకుంటే, ఆమె లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేది. కట్టెలవాడిని మాత్రం రావద్దని కబురు పెట్టింది.

ఆ పలకల్ని తనే చూడటం మొదలుపెట్టింది. ఒంటిచేత్తో. చేపల్ని తడిగుడ్డతో తుడిచేసింది. వంగని వేళ్ళతో పలకను అదిమిపట్టి, కుడిచేత్తో బ్రష్షు రుద్దింది. ఒక్కో మేకు పీకడానికి ఇదివరకు పట్టే సమయానికి రెండింతలు పట్టేది. పట్కారు జారితే తిట్టుకునేది, చెమట తుడుచుకుని మళ్ళీ పట్టుకునేది. చిన్నది వచ్చి, "నేను చేస్తానక్కా" అంటే తల ఎత్తకుండానే, "వద్దు" అనేది. పీకిన మేకులతో డబ్బా నిండింది. ఒక్కో పలక అయ్యాక అడ్డగీత గీసి, కింద చుక్క పెట్టింది.

అన్నీ అయ్యాక చిక్కొచ్చి పడింది. చూసిన చెయ్యే తొయ్యాలి. కానీ చూసిన చెయ్యికి బరువు పలకను నిలకడగా తోసే బలం లేదు. రెండుసార్లు ఎత్తి చూసింది. పలక పక్కకు వాలిపోయింది. అలా వాలుగా వెళ్తే ఇంకొక ప్రమాదం. బల్లల కోసం మేడమ్ కూడా ఓపిక పట్టి పట్టి, మొన్ననే ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది.

"నేను తోస్తానక్కా" అంది చిన్నది గుమ్మంలోంచి. ఆ కొద్దిరోజుల్లో మొహం పీక్కుపోయింది దానికి.

పెద్దమేస్త్రి పక్కకు జరిగింది.

చిన్నది కొంగు దోపుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, గబగబా వచ్చి మిషను ముందు నిలబడింది. అక్క దారికొచ్చిందనుకుందేమో, ఎన్నాళ్ళకో దాని మొహంలోకి కాస్త కళ వచ్చింది. మొదటి పలకను రెండు చేతులతో ఎత్తి మిషను నోటికి ఆనించింది. పలకవైపు చూడనైనా చూడలేదు. పొట్టకెదురుగా పెట్టుకుని, స్విచ్చి వెయ్యమని తలతో సైగ చేసింది.

పెద్దమేస్త్రి చెయ్యి స్విచ్చి మీదే ఆగిపోయింది.

"చూసుకోవా?"

"నువ్వు చూశాక నేను చూసేదేముందక్కా?" అంది చిన్నది. మనస్ఫూర్తిగా అంది. అందులో కల్లాకపటం ఏమీ లేదు, అదే ఘోరం.

ఆ మాట పెద్దమేస్త్రికి బాగా తెలుసు. ఏళ్ళ తరబడి ఆ మాటను తనే అంది, పైకి అనకపోయినా మనసులో ప్రతి చేపకూ అంది. తన గుర్తు మీద చెల్లెలికి ఇంకా అంత నమ్మకముంది. ఎందుకుండదు? తనెప్పుడూ దాన్ని ముంచలేదు కదా. నమ్మకం చచ్చిపోయింది ఒకవైపే. రెండోవైపు ఏమీ జరగనట్టు హాయిగా బతికే ఉంది.

స్విచ్చి మీద నుంచి చెయ్యి తీసేసింది. గోడకున్న అయస్కాంతం తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది.

"చూసుకో."

"అక్కా, నువ్వు చూశావుగా..."

"నేను చూశాను. నువ్వూ చూసుకో. నాన్న మాట ఈ షెడ్డులో ఇక చెల్లదు. ఈరోజు నుంచి తొయ్యబోయే పలకను ఎవరిది వాళ్ళే చూసుకోవాలి, గుర్తు ఎవరిదైనా సరే. నీ గుర్తు నేను నమ్మను. నా గుర్తు నువ్వూ నమ్మొద్దు."

చిన్నది అయస్కాంతాన్ని చేతిలో పట్టుకుని అక్క మొహంలోకి చూసింది. అక్క మొహంలో తిట్టు లేదు. తిట్టు ఉంటే బాగుండేది దానికి. పలకను కిందికి దించి, పనిబల్ల మీద పెట్టి, అయస్కాంతాన్ని ఈ చివర నుంచి నడిపించడం మొదలుపెట్టింది. కన్నీళ్ళు పలక మీద పడి సుద్దచుక్క కరిగిపోతుంటే కూడా ఆపలేదు. ఒక పలక అయింది. తిరగేసింది. అంచులు చూసింది, కణుపులు తట్టింది. రెండోది తీసింది. మూడోది తీసింది.

పెద్దమేస్త్రి తోపుడుబండికి ఆనుకుని, వంగని వేళ్ళను కుడిచేత్తో పట్టుకుని, చూస్తూ నిలబడింది. చెల్లెలు ఎంత శ్రద్ధగా వెతుకుతోందో, ఆ రోజు ఇందులో సగం శ్రద్ధ పెట్టినా చాలేది. ఒక్కటంటే ఒక్క మేకైనా దొరకాలని అది వెతుకుతోందని ఆమెకు తెలుసు. అక్క కూడా ఒక్కటి వదిలేసిందని తేలితే, ఇద్దరూ సమానమై మళ్ళీ మాట్లాడుకోవచ్చని వెతుకుతోంది.

దొరకదని కూడా ఆమెకు తెలుసు.